అమ్ముడుపోని ఖర్జూరంతో ఒక కారం, ఒక తీపి

మన అనంతపురం వైపు పండే బర్హీ ఖర్జూరం సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లోనే కోతకొస్తుంది. తడి తగిలితే కాయ పగులుతుంది, పులుస్తుంది. విడికాయను, మెత్తబడిన పండును వ్యాపారి తీసుకోడు. అలాంటివాటితో మా ఇంట్లో చేసే రెండు వంటలు చెప్తాను. బూజు పట్టినవి, పులిసిన వాసన వచ్చేవి మాత్రం వాడొద్దు.

కారం: పచ్చికాయ పచ్చడి
బర్హీ పసుపు రంగులో, గట్టిగా ఉన్నప్పుడే వగరు పోయి తియ్యగా ఉంటుంది. అందుకే పచ్చడికి బాగా కుదురుతుంది. పావు కిలో కాయలు కడిగి, గింజ తీసి ముక్కలు కోయండి. 6 ఎండుమిర్చి, జీలకర్ర నూనెలో వేయించి, నానబెట్టిన చింతపండు కొంచెం, ఉప్పు కలిపి రోట్లో నూరండి. ముక్కలు చివర్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, ఇంగువ తాలింపు పెట్టండి. బెల్లం అక్కర్లేదు.

తీపి: నువ్వుల ఉండలు
వీటికి మెత్తటి పండు కావాలి. కాయ గట్టిగా ఉంటే ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి బయటికి తీయండి, కరిగేసరికి మెత్తబడుతుంది. పావు కిలో గుజ్జును 2 చెంచాల నెయ్యిలో, బాణలి అంచులు వదిలేదాకా సన్నటి మంటమీద కలపండి. ఈ తడి ఆరకపోతే ఉండ నిలబడదు. వేయించి దంచిన నువ్వులు 150 గ్రాములు, యాలకుల పొడి కలిపి ఉండలు కట్టండి. రెండు మూడు రోజుల్లో తినేయాలి.

చక్కెర వేయలేదు కదా అని షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ తినొద్దు, పండులోనే చక్కెర బాగా ఉంటుంది.

గుజ్జు ఎంతవరకు దగ్గరపడాలో వీడియోలో చూడండి.