గ్రూపులో పెట్టాం కదా అంటే సరిపోదు

ఈసారి పాఠం ఫోను గురించి. కానీ మొదలయ్యేది మల్బరీ ఆకు దగ్గరే.

పోయిన పంటలో మన లింగసుగూరు వైపు ఒక రైతు పురుగులు నాలుగో జ్వరం లేచి మూడు రోజులైంది. పక్క చేనాయన పొద్దున ఆరింటికి "మిరపకు మందు కొడుతున్నా, గాలి మీ మల్బరీ మీదికే ఉంది" అని గ్రూపులో వాయిస్ పెట్టాడు. చెప్పాల్సింది చెప్పాడు పాపం. ఏడింటికల్లా దాని మీద గుడ్ మార్నింగ్ పూలు, క్రికెట్ వీడియో, ఎవరిదో మనవడి పుట్టినరోజు. మనవాడు చివరి నాలుగు చూసి ఫోను జేబులో పెట్టుకుని, ఆ గట్టు పక్క కొమ్మలే కోసి మేతేశాడు. సాయంత్రానికి పురుగులు తలలెత్తి ఊగుతూ పచ్చటి నీళ్లు కక్కాయి. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్లు పైనే ఈ ఐదో దశలో తింటుంది. ఆకు, కూలి, కరెంటు అన్నీ పెడుతున్న వేళ పంట పోయింది.

గ్రూపు నడిపేది మేమే, అందులో మా తప్పూ ఉంది. అందుకే పని గ్రూపు, కబుర్ల గ్రూపు వేరు చేశాం. పూలు, వీడియోలు అక్కడ ఎన్నైనా పెట్టుకోండి.

మందు కబురు ముందురోజే పెట్టాలి, వాయిస్‌తో పాటు రాసి కూడా: ఏ చేను, ఏ మందు, ఎన్ని గంటలకు. మేము దాన్ని 7 రోజులకు పిన్ చేస్తాం, పైనే కనబడుతుంది. చుట్టుపక్కల షెడ్లవాళ్లు ఆ మెసేజ్‌కే రిప్లై కొట్టి "చూశాను" అనాలి. పెట్టినాయన తన మెసేజ్‌ను నొక్కిపట్టి ఇన్ఫో తెరిస్తే చదివినవాళ్ల పేర్లు వస్తాయి. రానివాళ్లకు ఫోన్ చేయండి. గట్టు పక్కాయనకైతే పేరొచ్చినా చేయండి. ఆకు మీద అనుమానముంటే ముందు పది పురుగులకు వేసి ఒక రోజు చూడండి.

జబ్బు ఫొటో పెట్టేటప్పుడు ఉత్త "అన్నా ఇదేంటి" అంటే ఎవరూ చెప్పలేరు. పగటి వెలుతురులో పురుగును దగ్గరగా ఒకటి, పడక మొత్తం ఒకటి తీయండి. ఎన్నో జ్వరం లేచింది, ఎన్నో రోజు, షెడ్డులో వేడి ఎంత, తేమ ఎంత, అన్నీ రాయండి. మనం పాలుగారు రోగం అన్నదాన్ని కన్నడ రైతులు హాలు తొండె అంటారు, రెండు పేర్లూ వేస్తే వాళ్లూ జవాబిస్తారు. దానికి మందుందని ఫార్వర్డ్ వస్తే నమ్మకండి. జబ్బు పురుగుల్ని ఏరి సున్నంలో వేయడమే పని.

గూళ్ల రేటు పెడితే తేదీ, మార్కెట్ పేరు, బైవోల్టినా సీబీనా రాయండి. తేదీ లేని రేటు చూసి రామనగరం దాకా రాత్రంతా వ్యాన్ కట్టుకుని పోయినవాళ్లు మనలోనే ఉన్నారు. అలాంటి రేట్లు ఇకమీదట తీసేస్తాం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.