కొనే పొలానికి దారి ఉన్నదా?

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ఆవరణ పక్కన జియా సరాయ్ అనే చిన్న ఊరు ఉన్నది. ఒకప్పుడు దాని చుట్టూ పొలాలు. నేడు చుట్టూ మహానగరం. ఢిల్లీ గ్రామాలలో ఇళ్ళున్న మేరకు 1908లో రెవిన్యూవారు పటాలపై ఎర్రగీత గీయించారు. దీనినే ‘లాల్ డోరా’ అంటారు. గీతకు వెలుపలి సాగుభూమికి ఖస్రా సంఖ్యలు, కొలతలు ఉండేవి. లోపలి ఇంటిస్థలాలకు విడివిడిగా అటువంటి నమోదు జరుగలేదు. కనుక ఇటువంటి ఊళ్ళలో ఏ సందు ఎవరిది, ఎంత వెడల్పు అన్నది కాగితంకంటే వాడుకపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది. ఊరివారు ఒకరినొకరు ఎరిగి ఉన్నంతకాలం ఆ వాడుక చాలును. కొత్తవారు కొనవచ్చినప్పుడు చాలదు.

తెలుగు పల్లెలలో పొలం కొనేవారికీ ఇదే చిక్కు. భూమికి పట్టా ఉంటుంది. ఆ భూమికి చేరే దారికి ఒక్కొక్కప్పుడు ఏ ఆధారమూ ఉండదు. నాలుగువైపులా పరుల చేలు ఉంటే, గట్టు యజమాని కాదన్ననాడు బండి వెళ్ళదు, పంట ఇల్లు చేరదు.

ఒకరి భూమిని అనుభవించడానికి మరొకరి భూమిపై గల ఇటువంటి హక్కును 1882 నాటి చట్టం ఈజ్‌మెంటు హక్కు అంటున్నది. ఇది ముఖ్యంగా మూడు విధాల సంక్రమిస్తుంది. మొదటిది, పొరుగు యజమాని ఇచ్చినది. రెండవది, అవసరంవల్ల కలిగినది: ఒకే కమతాన్ని పంచుకొన్నప్పుడో, కొంత అమ్మినప్పుడో, ఒక భాగానికి వేరే దారి లేకపోతే మిగిలిన భాగం గుండా నడిచే హక్కు వస్తుంది. చుట్టుదారి ఒకటి ఉన్నా ఈ వాదం నిలవడం కష్టం. మూడవది, చిరకాలపు వాడుకవల్ల కలిగినది: బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 సంవత్సరాలు నడిచి ఉండాలి, ప్రభుత్వభూమిపై అయితే 30 సంవత్సరాలు.

పొరుగువారు దయతో నడవనిచ్చినది వేరు. అది అనుమతి మాత్రమే. సాధారణంగా వారు దానిని ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చును. పొలం కొన్నవారికి అది దానంతట సంక్రమించదు. “ముప్పై ఏళ్ళుగా ఇటే వెళుతున్నాం” అని అమ్మేవారు చెప్పినప్పుడు, హక్కుగా వెళ్ళారా, అడిగి వెళ్ళారా అని విచారించాలి.

పరిశీలన మూడు చోట్ల జరగాలి. గ్రామపటంలోను, సర్వేవారి క్షేత్ర కొలతల పుస్తకంలోను పుంత, డొంక, బండిదారి ఏవైనా పొలాన్ని తాకుతున్నవేమో చూడాలి. పిదప పొలం వద్దకు వెళ్ళి, పటంలోని దారి నేలమీద మిగిలి ఉన్నదో, దున్నివేయబడినదో గమనించాలి. చివరకు సరిహద్దు రైతులను అడగాలి. ఇ.సి. చూస్తే చాలుననుకోవడం పొరపాటు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. వాడుకవల్లనో, అవసరంవల్లనో పుట్టిన హక్కు అందులో ఉండదు. ఇదే మెలకువ రెండవవైపునా అవసరం: కొనబోయే పొలం గుండా ఇతరులకు దారి హక్కు ఉంటే, యజమాని మారినా ఆ భారం భూమితోనే వస్తుంది.

దారి పరుల భూమిలో ఉన్నట్లయితే, అమ్మేవారి హామీ సరిపోదు. ఆ భూమి యజమాని చేతనే సర్వే నెంబరు, వెడల్పు, దిక్కు వివరంగా వ్రాయించి, బయానా ఇవ్వకముందే రిజిస్టరు చేయించుకోవాలి.