పాప్ సంగీతము

అమెరికా దక్షిణ రాష్ట్రములలోని ప్రత్తిచేలలో బానిసలుగా శ్రమించిన నల్లజాతివారి పాటల నుండి బ్లూస్ అను గానరీతి పుట్టెను. అది శ్వేతజాతివారి జానపదగానముతో కలసి 1950 ప్రాంతమున రాక్ అండ్ రోల్ అయ్యెను. పాప్ సంగీతమునకు ఇదియే పునాది. నాటి 78 చుట్ల రికార్డు ఒక ప్రక్కన సుమారు మూడు నిమిషముల గానమే పట్టెడిది. కావున పాటకు ఆ నిడివియే స్థిరపడెను.

నల్లజాతి గాయకుడగు ఆర్థర్ క్రూడప్ 1946లో పాడిన పాటను 1954లో మెంఫిస్ నగరమున ఎల్విస్ ప్రెస్లీ అను శ్వేతజాతి యువకుడు మరల పాడి కీర్తి గడించెను. 1964 నాటికి ఆంగ్లదేశపు బీటిల్స్ బృందముచే ఈ గానము లోకమంతట వ్యాపించెను. క్రూడప్ మాత్రము కూలిపనితో బ్రతికి, తనకు రావలసిన ధనములో అధికభాగము చేతికందకయే 1974లో కన్నుమూసెను.

పాటను మెచ్చువారు దాని మూలపురుషులను మరువరాదు.