మైగ్రేన్: ఎమర్జెన్సీలో ఏ మందు ముందు?

పార్శ్వపు నొప్పి భరించలేక ఎమర్జెన్సీకి వచ్చిన రోగికి బలమైన ఓపియాయిడ్ ఇంజెక్షనే సరైన మందని చాలామంది అనుకుంటారు. వైద్య పరీక్షల ప్రశ్నపత్రం తయారుచేసేవారికి కావలసిందీ ఆ పొరపాటే! 2017లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన న్యూయార్క్ అధ్యయనం చూడండి. నరంలోకి ప్రోక్లోర్‌పెరజైన్ ఇచ్చినవారిలో 60 శాతం మందికి 48 గంటల పాటు నిలిచే ఉపశమనం దక్కింది. ఓపియాయిడ్ అయిన హైడ్రోమార్ఫోన్‌తో అది 31 శాతమే. తేడా తేటతెల్లం కావడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

విశేషమేమంటే, ప్రోక్లోర్‌పెరజైన్ వాంతులు తగ్గించే మందుగానే ఎక్కువ మందికి తెలుసు. ఇది డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. మెటోక్లోప్రమైడ్‌దీ అదే దారి. కాళ్లూ చేతులూ కుదురుగా ఉండనివ్వని అకథీసియా వీటి దుష్ప్రభావం. అందుకే ఆ అధ్యయనంలో డైఫెన్‌హైడ్రమిన్‌ను జోడించారు.

2014లో మెటోక్లోప్రమైడ్, కీటోరోలాక్, వాల్‌ప్రోయేట్‌లను పోల్చినప్పుడు వెనకబడింది వాల్‌ప్రోయేట్. చర్మం కింద ఇచ్చే సుమట్రిప్టాన్ సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేస్తుంది. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు.

డెక్సామెథసోన్ దగ్గర జాగ్రత్త. ఈ స్టెరాయిడ్‌ను ఇచ్చేది అప్పటి నొప్పి కోసం కాదు, ఇంటికెళ్లాక తిరగబెట్టకుండా ఉండేందుకు.