పవర్ స్ప్రేయర్లలో స్పార్క్ ప్లగ్ పరిశీలన, అమరిక

మందు పనిచేయలేదని రైతు చెప్పినప్పుడు మనం పురుగు దశను, మోతాదును, వర్షాన్ని విచారిస్తాం. ఇంజిన్‌ను గురించి అడగం. వీపున మోసే గాలి స్ప్రేయర్లలో మందును తుంపరలుగా విడగొట్టి పైరు లోపలికి చేర్చేది ఇంజిన్ తిప్పే ఫ్యాన్ గాలి. ఇంజిన్ వేగం తగ్గితే తుంపరల పరిమాణం పెరిగి, పై ఆకులు మాత్రమే తడుస్తాయి. అందువల్ల మందును తప్పుపట్టే ముందు స్పార్క్ ప్లగ్‌ను విప్పి చూడటం అవసరం.

ట్యాంకులో నీరు పోసి, ఇంజిన్‌ను పూర్తి వేగంతో కొన్ని నిమిషాలు నడిపి, వేగం తగ్గించకుండా స్విచ్‌తో ఆపాలి. నెమ్మదిగా తిరిగిన ఇంజిన్‌లో ప్లగ్‌పై మసి చేరడం సహజం కనుక దానిని బట్టి నిర్ణయానికి రాకూడదు. ఇంజిన్ చల్లారిన తరువాత, ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును తుడిచి విప్పాలి.

మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే గాలి, ఇంధనం పాళ్లు సరిగా ఉన్నట్లే. పొడి నల్లని మసి ఉంటే ఇంధనం పాలు ఎక్కువైందని అర్థం. ముందుగా ఎయిర్ ఫిల్టర్‌ను, చోక్‌ను చూడాలి. తడిగా, జిడ్డుగా ఉంటే నూనె ఎక్కువ కలిపి ఉండవచ్చు, లేదా స్పార్క్ బలహీనమై ఉండవచ్చు. తయారీదారు సూచన 25:1 అయితే లీటరు పెట్రోలుకు 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. నూనె చాలు. కొలత లేకుండా సీసా వంచి పోసే అలవాటును మాన్పించడం సులభం కాదు.

ప్రాక్టికల్ తరగతుల్లో విద్యార్థులు నల్లని ప్లగ్‌ను చూసి కంగారుపడతారు; తెల్లని దానిని శుభ్రంగా ఉందని మెచ్చుకుంటారు. నిజానికి భయపడవలసినది సుద్దలా తెల్లబడి, పొక్కులు లేచిన ప్లగ్‌ను చూసే. కార్బ్యురేటర్ జెట్ పూడుకుపోవడం వల్లనో, గ్యాస్కెట్ వద్ద గాలి చొరబడటం వల్లనో ఇంధనం తక్కువై దహన గది అతిగా వేడెక్కిందని అది తెలుపుతుంది. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో కందెన నూనె పెట్రోలుతోనే లోపలికి వెళ్తుంది. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గి, పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది. అటువంటి ఇంజిన్‌కు కొత్త ప్లగ్ బిగించి పొలానికి పంపకూడదు, కారణాన్ని సరిచేయాలి.

కొత్త ప్లగ్ కొనేటప్పుడు మరల పొడవు, ఉష్ణ శ్రేణి పాతదానితో సరిపోవాలి. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగలవచ్చు. ఎన్‌జీకే ప్లగ్‌లలో సంఖ్య పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్‌లో అందుకు విరుద్ధం. దుకాణంలో కేవలం అంకె చెప్పి ప్లగ్ మార్చుకోవడం ఇందువల్లనే ప్రమాదకరం. చిన్న ఇంజిన్లలో ఎలక్ట్రోడ్‌ల మధ్య ఖాళీ సాధారణంగా 0.6–0.7 మి.మీ.; ఫీలర్ గేజ్‌తో కొలిచి, పక్క ఎలక్ట్రోడ్‌ను మాత్రమే వంచి సరిచేయాలి.

ప్లగ్‌ను చివరి వరకు చేతి వేళ్లతోనే తిప్పాలి. వాషర్ ఆనిన తరువాత కొత్త ప్లగ్‌కు పానాతో సుమారు అర చుట్టు సరిపోతుంది. పాత ప్లగ్‌కు ఎనిమిదో వంతు చుట్టు చాలు. సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసినది కనుక, వంకరగా ఎక్కిన ప్లగ్‌ను పానాతో బలవంతంగా తిప్పితే మరలు చెడిపోతాయి.