ముందు మంచం ఎత్తు చూసుకో

రాజమండ్రి

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో "అబ్బా" అన్నావు. ఏమిటే అంటే "ఏం లేదు పిన్నీ, నడుము పట్టింది" అని మాట మార్చేశావు. ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనా కాలేదు. మీ అమ్మకు చెప్పొద్దన్నావని చెప్పలేదు గానీ, నీకు రాయకుండా ఉండలేకపోయాను.

నీ వయసులో నేనూ ఇలా మాట మార్చినదాన్నే. ఒక ఆసుపత్రిలో సాయంత్రం ఆఖరి పేషెంటు, పక్షవాతం వచ్చిన పెద్దాయన. వార్డుబాయ్ కోసం పది నిమిషాలు చూశాను. ఈమాత్రానికి ఇంకొకరెందుకులే అని ఒక్కదాన్నే ఆయన్ని వీల్‌చైర్‌లోకి దింపబోయాను. లేచీ లేవగానే కాళ్లు తేలిపోయి, భయంతో నా మెడ చుట్టేశారు. ఆయన పడలేదు. నా నడుములో మాత్రం కలుక్కుమంది. ఆరు నెలలు తెల్లకోటు కింద బెల్టు కట్టుకుని, వచ్చినవాళ్లకు నడుము జాగ్రత్తలు చెబుతూ తిరిగాను. పదిమంది నడుములు బాగుచేసేదానికి నడుం నొప్పంటే నవ్వరూ అని సిగ్గు. ఆ సిగ్గు వల్లే చిన్న నొప్పి కాస్తా ముదిరింది.

ఇది నా ఒక్కదాని కథే కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు ఫిజియోథెరపిస్టుల మీద 2000లో ఒక అధ్యయనం అచ్చయింది. 91 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు పని వల్ల ఒంటినొప్పి పడ్డవాళ్లే. ఆరుగురిలో ఒకరు ఆ కారణంగానే పని మార్చుకున్నారు, లేదంటే వృత్తే వదిలేశారు. బాడీ మెకానిక్స్ తెలియకనా?

మోకాళ్లు వంచు, నడుము వంచకు అని నీకూ నేర్పారు. పెట్టెలకైతే సరే. పెట్టె భయపడి మెడ పట్టుకోదుగా! అమెరికాలో నియోష్ అనే సంస్థ పెట్టె ఎత్తడానికి 23 కిలోల దాకా ఒప్పుకుంటుంది. మనిషి దగ్గరికొచ్చేసరికి 16 కిలోలు దాటొద్దంటుంది, అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే. 80 కిలోల మనిషికి ఒక్క కాలే దాదాపు 13 కిలోలుంటుంది. ఇక నువ్వే లెక్క వేసుకో.

అందుకే చెయ్యి వేసేముందు మంచం ఎత్తు చూడు. పైకి లేపే వీలుంటే లేపు, ఆ అరనిమిషానికి బద్ధకించకు. వీల్‌చైర్ పేషెంటుకు బలమున్న వైపు పెట్టి, బ్రేకులు వేసి, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పెయ్. అంచుకు జరిపి, పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకు వంగమను. బరువు పాదాల మీదికొస్తే సగం పని ఆయన కాళ్లే చేస్తాయి. నువ్వు పట్టుకోవాల్సింది ఆయన నడుముకు కట్టిన గెయిట్ బెల్టు, చంకలు కాదు. ఆయన చేతులు నీ మోచేతుల మీదే ఉండాలి. రెండో మనిషి రాకపోతే ఆ పూట కూర్చోబెట్టి వ్యాయామం చేయించు, నడక రేపు.

హోమ్ విజిట్లలో ఇంకా కష్టం. గోడకు ఆనించిన దివాన్ కాట్, దిగబడిపోయే పరుపు, అటువైపు పేషెంటు. మంచం ఇవతలికి లాగమని అడుగు. కాఫీ అయితే మొహమాటపడి వద్దంటావేమో, ఇది మాత్రం మొహమాటపడకుండా అడగాలి. పైకి జరపాలంటే నడుము కింద మడత దుప్పటి వేసి, ఇంట్లోవాళ్లను ఒకవైపు పట్టమని జరిపించు. ఎత్తొద్దు.

బొటనవేళ్ల సంగతి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. వెన్నుపూసల మొబిలైజేషన్ అంతా ఏళ్లతరబడి వాటితోనే చేశాను. ఇప్పుడు ఆవకాయ జాడీకి కట్టిన వాసెన ముడి విప్పాలంటే మీ బాబాయిని కేకెయ్యాలి. అరచేతి మడమ వాడు, మోచెయ్యి వాడు, చేతులు మార్చుతూ ఉండు. ఆక్యుపేషనల్ థెరపీ చేసే మా స్నేహితురాలిదీ అదే కథ. స్ప్లింటు షీటు వేడినీళ్లలో మెత్తబడేదాకా ఆగక, గట్టిగా ఉండగానే కత్తిరించి కత్తిరించి మణికట్టు పోగొట్టుకుంది.

రేపే నీ నడుం నొప్పి సంగతి మీ సీనియర్‌కు చెప్పి రిజిస్టర్‌లో రాయించు. బరువైన పేషెంట్లను వరసగా వెయ్యొద్దని అడుగు. కాల్లోకి తిమ్మిరి గానీ గుంజుడు గానీ దిగితే సొంతవైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించుకో.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆదివారం దాకా చూస్తాను.

మీ పిన్ని