నలభై వేలలో డెస్క్‌టాప్: కొనేముందు వేసుకునే లెక్క

కంప్యూటర్ కొంటామంటే షాపులో మొదట అడిగేది "ఎంతలో కావాలి?" అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటిది "దేనికి?" అన్నది. దానికి జవాబు కాగితం మీద రాసుకోకుండా వెళ్తే, అవతలివాళ్లు ఏది చూపిస్తే అదే మనకి కావలసినట్టు అనిపిస్తుంది.

నాకు ఎందుకంటే, మా అమ్మమ్మ పాటలకి. మన రాజపాళయంలో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ మాట తెలుగు, బడి చదువు తమిళం. మా అమ్మకి తెలుగు పాటలు వచ్చు, తెలుగు అక్షరాలు రావు. అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ పాడే పెళ్లిపాటలు, తిరగలి పాటలు మా ఇంట్లో ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. వాటిని రికార్డు చేసి, విని, తెలుగులో టైపు చేసి పెట్టాలి. రెండో పని, నాన్న బ్యాండేజీ గుడ్డ వ్యాపారం లెక్కలు. నిజం చెప్పాలంటే ఇంట్లో ఒప్పుకున్నది ఈ రెండో పని వల్లే. "బి.ఏ. చదివే పిల్లకి కంప్యూటర్ ఎందుకు?" అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు.

ఇప్పుడు పని నుంచి లెక్కకి వద్దాం. యూనికోడ్‌లో ఒక తెలుగు గుర్తు సాధారణంగా 3 బైట్లు. పేజీకి 1,500 గుర్తులనుకుంటే 300 పేజీల పుస్తకం కూడా ఒకటిన్నర ఎంబీ లోపే. అక్షరాలకి చోటు ఒక సమస్యే కాదు. ధ్వనికి కావాలి. కుదించకుండా సీడీ నాణ్యతలో స్టీరియో రికార్డు చేస్తే నిమిషానికి పది ఎంబీ పైన, గంటకి దాదాపు 635 ఎంబీ. నలభై గంటల పాటలు, కబుర్లు కలిపి 25 జీబీ చాలు. కాబట్టి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉంటే ధారాళం. ఒక టీబీ తీసుకోమని ఎవరైనా అంటే "దేనికి?" అని అడగొచ్చు.

విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు, మనం ఆటలు ఆడటంలేదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి, అంతే. ఇక్కడ ఒక్క అక్షరం జాగ్రత్తగా చూడాలి. ఇంటెల్‌లో ఐ3-12100కి గ్రాఫిక్స్ ఉంది, చివర 'ఎఫ్' తగిలించిన 12100ఎఫ్‌కి లేదు. కాస్త చవకగా వస్తుందని ఎఫ్ తెచ్చుకుంటే తెరమీద బొమ్మే రాదు, మళ్లీ కార్డు కొనాలి. ఏఎండీలో రైజెన్ 5600జీకి గ్రాఫిక్స్ ఉంది. ఇక బోర్డుకీ ప్రాసెసర్‌కీ జత కుదరాలి. 5600జీకి ఏఎం4 సాకెట్, 12100కి ఎల్‌జీఏ 1700. ఒకదాని మీద ఇంకొకటి కూర్చోదు. సాకెట్ కుదిరినా పాత బోర్డులకి బయోస్ అప్‌డేట్ కావలసి రావచ్చు. "ఈ బోర్డు ఈ ప్రాసెసర్‌తో పెట్టగానే ఆన్ అవుతుందా?" అని అడిగి మరీ తీసుకోవాలి. మెమరీ కూడా బోర్డు ఏది తీసుకుంటే అదే, డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 దిగదు.

మా ఇంటి పరిమితి నలభై వేలు. కింద రాసినవి షాపు ధరలు కావు. ఒక్కోదానికి ఇంతకు మించకూడదని నేను గీసుకున్న గీతలు. ప్రాసెసర్ 10,500, బోర్డు 5,000, 8 జీబీ మెమరీ 4,000, ఎస్‌ఎస్‌డీ 4,000, ఎస్‌ఎమ్‌పీఎస్ 2,500, క్యాబినెట్ 1,500, మానిటర్ 7,000, కీబోర్డూ మౌసూ 800, యూపీఎస్ 3,200. మొత్తం 38,500. మిగిలిన 1,500 బస్సు చార్జీకి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి, రెండో కాపీ కోసం ఒక పెన్‌డ్రైవ్‌కి. పాటలు ఒక్కచోటే ఉంచితే ఉంచనట్టే కదా.

మెమరీ ధర ఒక్కోసారి నెల తిరిగేసరికి మారిపోతుంది. అందుకే 8 జీబీ ముక్క ఒకటే వేసి పక్క స్లాట్ ఖాళీగా ఉంచుతున్నాను. రెండు ముక్కలుంటే వేగం బాగుంటుంది, కాదనను. టైపింగుకి, లెక్కలకి ఒకటి సరిపోతుంది. తర్వాత ఇంకోటి తగిలించుకోవచ్చు, డెస్క్‌టాప్‌లో ఉన్న సుఖమే అది. హాస్టల్లో ఉండేవాళ్లకి మాత్రం ల్యాప్‌టాపే నయం. దానికి బ్యాటరీ ఉంటుంది, యూపీఎస్ ఖర్చు తప్పుతుంది.

చాలామంది ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర పిసినారితనం చేస్తారు. అన్నిటికీ కరెంటు పంచేది అదే. క్యాబినెట్‌తోపాటు ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. '80 ప్లస్' గుర్తు ఉన్నది చూడండి. తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం పనికొచ్చేలా మారుస్తుందని దాని అర్థం. ప్రాసెసర్ 65 వాట్ల రకం, మానిటర్, మిగతావి కలిపినా మనది 150 వాట్లు దాటదు. 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ ఎక్కువే. యూపీఎస్ మీద 600 వీఏ అని రాసి ఉంటే 600 వాట్లు అనుకోకూడదు. అలాంటివి సాధారణంగా 360 వాట్లు మోస్తాయి. కరెంటు పోతే పని సేవ్ చేసి ఆపుకోవడానికి ఆ కాస్త సమయం చాలు.

కొటేషన్ తీసుకున్నప్పుడు పన్నుతోనా, పన్ను లేకుండానా అని అడగండి. విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. 34,000 అని రాసిచ్చి కింద చిన్నగా "పన్ను అదనం" అని ఉంటే అది 40,120 అవుతుంది. నా బడ్జెట్ అక్కడికక్కడే దాటిపోతుంది! బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామనేవాళ్లూ ఉంటారు. ఏఎండీ, ఇంటెల్ రెండూ డబ్బాతో అమ్మే ప్రాసెసర్‌కి మూడేళ్ల వారంటీ ఇస్తాయి. బిల్లు లేకపోతే అది అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో చవక అంటారు. మానిటర్, యూపీఎస్ లాంటి బరువైనవి మాత్రం మన ఊళ్లోనో మదురైలోనో కొంటాను. పాడైతే మోసుకెళ్లాల్సింది నేనే.

సాఫ్ట్‌వేర్ వరుసలో సున్నా వేశాను. ఉబుంటు, లిబ్రేఆఫీస్, పాటలు శుభ్రం చేయడానికి ఆడాసిటీ, అన్నీ ఉచితం. సిలికానాంధ్ర వాళ్ల తెలుగు ఫాంట్లూ ఉచితమే. వాటిలో గిడుగు, గురజాడ అని పేర్లున్నవి చూసి మన మేడమ్‌లు సంతోషిస్తారు. టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటున్నాను. అందులో తెలుగు 'క' ఏ మీట మీద ఉందో తమిళ 'క' కూడా అక్కడే. రెండు భాషల ఇంటివాళ్లకి ఒక్కసారి నేర్చుకుంటే రెండూ వచ్చినట్టే. పాట తెలుగులోనూ, అమ్మ చదువుకోవడానికి తమిళ లిపిలోనూ కొట్టాలని నా ఆలోచన. తమిళంలో క, గ లకి ఒకటే అక్షరం కదా, అక్కడ ఏం చేయాలో ఇంకా తేలలేదు.

మా చీటీ డబ్బు చేతికొచ్చేది తై నెలలో. అప్పటికి ధరలు మారతాయి కాబట్టి ఈ కాగితం మళ్లీ రాస్తాను. కావలసినవాళ్లు అడిగితే జెరాక్స్ ఇస్తాను. అమ్మమ్మ రికార్డింగు మాత్రం చీటీ కోసం ఆగలేదు, ఫోన్‌లో ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని